ఉగ్గుగిన్నె పట్టని చేతులు

మా అమ్మ చేతిలో ఉగ్గుగిన్నె ఉందంటే ఎంత మొండి పిల్లయినా తాగి తీరాల్సిందే. ఏడ్చే పిల్లకి ఎలా పడతావని ఎవరైనా అడిగితే ఆమె తరపున నేనే జవాబు చెప్పేవాణ్ణి: "ఏడవాలన్నా నోరు తెరవాలిగా, మా అమ్మకి ఆ సందు చాలు."

ఆ గిన్నె ఇత్తడిది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక పక్క అంచు పిచ్చుక ముక్కులా ముందుకు సాగి ఉంటుంది. ఆ ముక్కుని పిల్ల పెదవి మీద ఆనించి, బిస్మిల్లా అనుకుని, కొంచెం వంచి, గుటక పడేదాకా ఆగి, మళ్ళీ వంచాలి. ఆగడం తెలియాలిరా, పొయ్యడం ఎవరైనా పోస్తారు అనేది మా అమ్మ. మా వీధి పిల్లల్లో సగం మంది ఆ ముక్కు పట్టుకునే పెరిగారు. బాలింత ఉన్న ఇల్లేదైనా సరే, మావాళ్ళయినా హిందువులైనా, బిడ్డకి నీళ్ళు పొయ్యాలన్నా ఉగ్గు పట్టాలన్నా మా అమ్మకే కబురొచ్చేది. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుందంటే, జిల్లాలో తనకన్నా పెద్ద ఆఫీసరు లేడన్నట్టు ఉండేది మొహం.

ఇప్పుడా గిన్నెని ఆమె ముట్టుకోదు. ఎందుకు ముట్టుకోదో చెప్పాలని కూర్చున్నాను. నవ్వించడం తప్ప ఇంకో విద్య రానివాడు ఇలాంటిది రాస్తే ఎలా ఉంటుందో నాకూ తెలీదు.

మేం దూది ఏకేవాళ్ళం. మా తాత ఏకుడు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగాడు. మా నాన్న ఒకచోట మిషను పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆ మిషన్ని ట్రాలీ ఆటో ఎక్కించి మళ్ళీ ఊళ్ళు పట్టాను. అంటే తిరిగి తాత దగ్గరికే వచ్చాను, కాకపోతే డీజిలుతో. వినుకొండ చుట్టుపక్కల ఏ ఊళ్ళో బండి ఆపినా ఆడవాళ్ళు పాత పరుపులూ దిండ్లూ తెచ్చి పడేస్తారు. గడ్డకట్టిన దూదిని విప్పి, ఏకి, పొంగించి, మళ్ళీ కుట్టి ఇవ్వడం నా పని. బడి ఆరో తరగతి మధ్యలో మానేశాను. మాటలు మాత్రం మానలేదు. "ఏమ్మా, ఈ దిండు మీద మీ ఆయన పడుకున్నాడా, ఎద్దు పడుకుందా?" అంటే నవ్వుతారు. నవ్వితే లోపలికెళ్ళి ఇంకో దిండు తెస్తారు.

మా అమ్మాయి మిరప కోతలకు ముందు పుట్టింది. మా ఆవిడ కోతకు పోయే మనిషి, పెళ్ళికి ముందు నుంచీ కూలీల ముఠాలో ఉంది. కోతల కాలంలో మా వైపు ఊళ్ళలో ఒళ్ళు వంగే ఆడమనిషి ఇంట్లో కనపడదు. ఎర్రబడ్డ కాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఆగదు, రంగు పోయి తాలైపోతుంది. అందరి చేలూ ఒకేసారి పండుతాయి, అందరికీ ఒకేసారి మనుషులు కావాలి. ముఠాలో చోటు వదిలితే మరో మనిషి వచ్చి నిలబడుతుంది, మళ్ళీ పిలవరు. పిల్లకి మూడో నెల రాగానే మా ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని ట్రాక్టరెక్కింది.

మిరపకాయలు కోసిన చేతుల సంగతి కోసినవాళ్ళకే తెలుసు. సబ్బుకి లొంగవు. మజ్జిగతో కడిగినా, కొబ్బరి నూనె రాసినా మంట చర్మం కింద కూర్చునే ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం మా ఆవిడ వచ్చీ రాగానే మోచేతుల దాకా తోముకుని, చీర మార్చుకుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. పాలిచ్చేటప్పుడు తల్లి చెయ్యి ఊరుకోదు కదా. చెంప నిమిరింది, మూతి తుడిచింది. పిల్ల కెవ్వుమంది. చూస్తుండగానే చెంపలూ పెదవులూ కందిపోయాయి.

"పాల రుచి సరిగ్గా తెలీకముందే కారం రుచి చూసింది. ఇదండీ అసలైన గుంటూరు పిల్లంటే" అన్నాను నేను.

ఎవరూ నవ్వలేదు. మా అమ్మ పిల్లని లాక్కుంది.

"కోతలయ్యేదాకా దీన్ని ముట్టుకోకు తల్లీ. నీ వేలు కంట్లో తగిలితే పిల్ల గతేం కాను? పాల సంగతి నేను చూసుకుంటాలే" అంది మా ఆవిడతో.

"మరి నా పాలేం చేసుకోను అత్తా?"

"పిండేసుకో. కోతలయ్యాక మళ్ళీ పడదాం. ఎక్కడికి పోతయ్?"

మా వైపు ఇదేం వింత కాదు. కోతలకు పోయే తల్లుల పిల్లలు అలాగే పైపాలతో, ముసలమ్మల ఒళ్ళో పెరుగుతారు. చాలామంది ఇంట్లో ఉన్న గేదెపాలే పట్టేస్తారు. మా అమ్మ అలా కాదు. గేదెపాలు పసిదానికి బరువు, ఆవుపాలైతే తేలిగ్గా అరుగుతాయని ఆమె లెక్క. పక్కింట్లో గేదెలుండగా, ఎండలో ఊరి చివర ఆవున్న ఇంటిదాకా నడిచి వెళ్ళి, కళ్ళముందు పిండించుకుని తెచ్చేది. కాచి, చల్లార్చి, నీళ్ళు కలిపి, చిటికెడు పంచదార వేసి, ఉగ్గుగిన్నెతో పట్టేది. ఒక్క చుక్క గడ్డం మీదికి కారనిచ్చేది కాదు. కోతలయ్యేసరికి పిల్ల బుగ్గలు బూరెల్లా అయ్యాయి. మా ఆవిడకి మాత్రం పాలు వెనక్కి పోయాయి. ఒకటి రెండుసార్లు పట్టబోతే పిల్ల మొహం తిప్పుకుని నానమ్మ కోసం వెతికింది. చూసినవాళ్ళంతా "నానమ్మ చేతి చలవ" అన్నారు. "దిష్టి తగులుద్ది, పోండే" అని మా అమ్మ మురిసిపోయింది.

పిల్ల రెండో తరగతికి వచ్చాక పక్క తడపడం మొదలుపెట్టింది. ఎప్పుడో మానేసిన అలవాటు. "నాన్నకి గిరాకీ తగ్గిందని పరుపులు పాడుచేసి సాయం చేస్తున్నావా అమ్మలూ?" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేది. నవ్వి, వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగేది. బడి నుంచి రాగానే కుండ దగ్గరికే పరుగు. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాం. చిక్కిపోతుంటే పొడుగవుతోంది అనుకున్నాం. పిల్లల గురించి అనుకోవాలంటే ఎన్నైనా దొరుకుతాయి.

ఒక ఆదివారం ఆ పరుపు విప్పుదామని వాకిట్లో పడేశాను. కుట్లు తెంపి దూది పైకి తీశాను. నా పనిలో పరుపుల్లో చాలా చూశాను: నల్లులు, పిన్నీసులు, ఎవరో పోయిందని ఇల్లంతా వెతికిన చెవికమ్మ, ఒకసారి కట్టుడు పళ్ళు. చీమల్ని అంతలా ఎప్పుడూ చూడలేదు.

"ఎవరే పరుపులో బెల్లం దాచింది?" అని కేకేశాను.

మా అమ్మ వచ్చి వంగి చూసింది. దూదంతా వదిలేసి, తడి మరక ఉన్నంత మేర మాత్రమే కట్టాయి చీమలు. ఆమె మొహంలో నవ్వు లేదు.

"మరక మీదే ఉన్నయ్యేందిరా ఇవి? నాకేం బాగా అనిపించట్లేదు. రేపు బండి తీయమాక, పిల్లని డాక్టరుకి చూపిద్దాం."

రేపటిదాకా ఆగలేదు. సాయంత్రానికి పిల్ల వాంతులు చేసుకుంది. ఊపిరి పెద్దపెద్దగా, పరిగెత్తి వచ్చినదానిలా తీస్తోంది. నోట్లోంచి మగ్గిన పండు వాసన. గుంటూరు తీసుకెళ్ళేసరికి పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటోంది.

"షుగరు" అంది డాక్టరమ్మ.

"షుగరు పొట్టలున్నవాళ్ళకి కదమ్మా వచ్చేది? దీనికి పొట్టేదీ?" అన్నాను. జోకు కాదు, నిజంగానే అడిగాను. నా గొంతే అలా తగలడింది.

ఆవిడ విసుక్కోలేదు. ఇది పిల్లలకు వచ్చే రకం అంది. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే చోటుని మన ఒంటిని కాపాడాల్సిన రక్షణే పొరపాటుపడి పాడు చేసేస్తుందట. ఇక బయటి నుంచి సూదితో ఇవ్వాలి. ఎన్నాళ్ళు అన్నాను. "బతికున్నన్నాళ్ళూ" అంది. అంత చిన్న పిల్లకి అది ఎంత పెద్ద మాటో ఆవిడకీ తెలుసు, అందుకే పిల్ల వైపు చూడకుండా చెప్పింది.

పిల్ల తేరుకుంది. వార్డుకి మార్చాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని వివరాలు అడిగింది. ఇంట్లో ఎవరికైనా ఉందా, ఈమధ్య పెద్ద జ్వరం వచ్చిందా, అన్నీ. తర్వాత అడిగింది: "తల్లిపాలు ఎన్నాళ్ళు తాగింది? పైపాలు ఎప్పుడు మొదలుపెట్టారు?"

మా ఆవిడ నోరు తెరిచేలోపే మంచం చివర కూర్చున్న మా అమ్మ ముందుకు జరిగింది. తనకి తెలిసిన సంగతి ఒకళ్ళు అడిగితే ఎవరికైనా వచ్చే వెలుగు ఆమె మొహంలోకి వచ్చింది.

"మూడో నెల నుంచి నేనే పోశానమ్మా. గేదెపాలు కాదు, ఆవుపాలు. కళ్ళముందు పిండించి, ఉగ్గుగిన్నెతో. ఒక్క రోజు అజీర్తి చెయ్యలేదు దీనికి."

డాక్టరమ్మ రాసుకుంది. మా అమ్మకి ఆ రాసుకోవడం నచ్చలేదు.

"ఎందుకమ్మా అడిగారు?"

"మరీ పసితనంలో ఆవుపాలు పట్టిన పిల్లల్లో ఈ జబ్బు కొంచెం ఎక్కువ కనపడుతుందని కొందరు డాక్టర్లు అంటారు పెద్దమ్మా. అలాంటిదేం లేదని ఇంకొందరు అంటారు. ఇంకా తేలలేదు. తెలుసుకోవడానికి అందర్నీ అడుగుతాం, అంతే."

ఆవిడ చెప్పింది నాలుగు మాటలు. మా అమ్మకి వినపడింది మొదటిదే. మిగతావి ఆవిడ చెబుతుండగానే మా అమ్మ తన రెండు చేతులూ తిప్పి అరచేతుల్లోకి చూసుకుంటోంది.

ఇంటికొచ్చిన మర్నాడు మా ఆవిడ మొదటిసారి సొంతంగా సూది వెయ్యాలి. ఇన్సులిన్ ఎక్కించిన సూది ఒక చేత్తో, పిల్ల పొట్ట చర్మం ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. మిరప చేలో చకచకా ఆడే చేతులు అక్కడ ఆడట్లేదు. పిల్ల నా మెడ పట్టుకుని ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడు మా అమ్మ రోజూ అలవాటు కొద్దీ గ్లాసుతో పాలు పట్టుకొచ్చింది.

"ఇంకా పాలేనా అత్తా? నువ్వు పోసినవి చాలవా?"

మా ఆవిడ గట్టిగా కూడా అనలేదు. సూది మీంచి చూపు తిప్పకుండా అంది. మా అమ్మ గ్లాసు గూట్లో పెట్టి బయటికి వెళ్ళిపోయింది. పాలు మీగడ కట్టి, సాయంత్రానికి విరిగిపోయాయి. ఎవరూ తీయలేదు.

ఆ రోజు నుంచి మా అమ్మ పాలు లేని టీ తాగడం మొదలుపెట్టింది. ఎందుకంటే "అరగట్లేదురా" అంది. ఉగ్గుగిన్నెని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. బాలింతల ఇళ్ళ నుంచి కబురొస్తే నడుం నొప్పంది. వంట చేసేది, అంట్లు తోమేది, కానీ పిల్లకి తన చేత్తో ఏదీ పెట్టేది కాదు. అంతకుముందు కంచం చుట్టూ ముద్దలు పేర్చి "ఇది కాకిది, ఇది పిల్లిది" అంటూ తినిపించిన మనిషి. పిల్ల నోరు తెరుచుకుని వచ్చి నిలబడితే, "మీ అమ్మనడుగు తల్లీ, ఎంత పెట్టాలో తనకి తెలుసు" అని పక్కకి తప్పుకునేది.

ఇక చీమల సంగతి. మా అమ్మ వీధంతా తిరగడం మొదలుపెట్టింది. తను ఉగ్గు పట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి, "మీవాడు నీళ్ళెక్కువ తాగుతున్నాడా? రాత్రిళ్ళు లేస్తున్నాడా?" అని అడిగేది. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లలు గోడవారన ఒంటికి పోసుకుని వెళ్ళాక, వెళ్ళి ఆ చోట వంగి చూసేది. మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఒకనాడు నేను బండి మీద దూది కట్టలు సర్దుతుంటే పక్కింటి వదిన గొంతు వినపడింది.

"ఏంది పిన్నీ, మావాడు పోసినకాడ ఏం ఎతుకుతున్నావ్? బంగారమేమన్నా పడిందా?"

"చీమలమ్మా. పట్టినయ్యేమోనని."

"అంటే మావాడికీ ఆ మాయదారి జబ్బు రావాలనా నీ ఉద్దేశం? పొద్దున్నే ఏం నోరు పిన్నీ నీది! వాడు నీ చేత్తో తాగి పెరిగినోడు!"

"అందుకేగమ్మా చూస్తున్నా" అంది మా అమ్మ.

నేను పరిగెత్తుకెళ్ళాను. "వదినా, గవర్నమెంటువాళ్ళు చీమల జనాభా లెక్కలు రాయిస్తున్నారంట, మా అమ్మకి ఉద్యోగం వచ్చింది. మీ గోడకింద ఎంతమందో చెప్తే రాసుకుని పోతాం" అన్నాను. ఆమె నవ్వబోయి, మా అమ్మ మొహం చూసి ఆగిపోయింది. మా అమ్మ అప్పటికే ముందున్న గోడ దగ్గరికి నడుస్తోంది. ఒకప్పుడు నేను దగ్గినా నవ్వే మనిషి.

తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మతో ఈ గొడవంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. ఎవరి తప్పూ కాదంది. ఆవుపాలు తాగి పెరిగిన పిల్లలు లక్షలమంది ఉన్నారు, వాళ్ళలో దాదాపు అందరికీ ఏ షుగరూ లేదు. ఒట్టి తల్లిపాలే తాగినవాళ్ళకీ ఇది వస్తోంది. పుట్టుకతో వచ్చేది కొంత, ఇంకా మాకు తెలియనివి బోలెడు అంది. బస్సులో దారంతా ఆ మాటల్ని వరసగా వల్లె వేసుకుంటూ వచ్చాను. బడిలో ఒక్క పద్యం కూడా అంత శ్రద్ధగా నేర్చుకోలేదు. ఇంటికి రాగానే మా అమ్మ ముందు కూర్చుని అప్పజెప్పాను.

అంతా విని ఆమె నా జుట్టులో చిక్కుకున్న దూది పీచు తీసేసింది.

"బాగా చెప్తావురా నువ్వు. నా కళ్ళ ఆపరేషనప్పుడు కూడా చెప్పావ్, డాబా ఎక్కితే బెజవాడ కనపడుద్దన్నాడమ్మా డాక్టరు అని. నేను ఎక్కి చూశాను కూడా."

"ఇది అలాంటిది కాదమ్మా. నిజంగా అంది."

"అంటదిలే. నువ్వు అడిగితే ఎవరైనా అంటారు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమెను ఊరడించడానికి నేను కల్పించి చెప్పని సంగతి లేదు. తీరా నిజం ఒకటి మోసుకొస్తే, దాన్ని కూడా వాటి మధ్యలోనే పడేసింది. ఇక ఆమెనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, అవే మాటలు ఇంకా నెమ్మదిగా చెప్పింది. మా అమ్మ బుద్ధిగా తలూపింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"నేను పొయ్యకుండా ఉంటే, దీనికి రాకుండా ఉండేదామ్మా?"

నేను మా అమ్మ వెనక నిలబడి, రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపుతూ డాక్టరమ్మకి సైగ చేశాను. ఉండేది కాదని చెప్పండమ్మా, ఒక్క మాట. ఆవిడ నన్ను చూసింది. చూసి కూడా మా అమ్మ వైపే తిరిగింది.

"ఆ మాట ఎవరూ చెప్పలేరు పెద్దమ్మా. అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. నేను కూడా."

"అంతేలేమ్మా" అంది మా అమ్మ, లేచి కొంగు సర్దుకుంటూ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. బస్సు నిండా ఆ ఘాటు, జనమంతా దగ్గుతున్నారు. ఆమె దగ్గలేదు. "ఆ పిల్ల అబద్ధం చెప్పదురా, నీలాగ కాదు" అంది. అది డాక్టరమ్మని మెచ్చుకోవడమే. నేనూ నవ్వాను.

మా ఆవిడకి ఆ పాలగ్లాసు మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ముగ్గురం వసారాలో కూర్చుని దిండ్లలో దూది కూరుతున్నాం. ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"అత్తా, ఆ కోతలప్పుడు అన్నాల వేళ అందరూ గట్టు మీద కూర్చుంటే నేను వరసల మధ్యలోకి పోయేదాన్ని. రవిక తడిసిపోయేది. చెట్ల మొదట్లో పిండేసేదాన్ని. ఆ చేతులతోనే గదా, రొమ్మంతా మంట. ఏడుస్తా పిండేదాన్ని. మట్టి తాగింది నా పాలు. నువ్వు పోసింది కాదత్తా, నేను వదిలేసి పోయింది."

"నిన్ను ముట్టుకోవద్దంది నేను."

"కోతకి పోయింది నేను."

"పిండేసుకోమన్నది కూడా నేనేగా."

ఆస్తి నాదంటే నాదని కొట్టుకునే ఇళ్ళు చూశాను. తప్పు నాదంటే నాదని కొట్టుకునే ఇల్లు మాదొక్కటే చూశాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "మీ ఇద్దరూ తేల్చుకుని, తప్పు ఎవరిదైతే వాళ్ళు నా బదులు సూది వేయించుకోండి" అంది. అచ్చంగా నా కూతురు. మా ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా అమ్మ లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత చాలాకాలానికి మాకు మళ్ళీ ఒక పిల్లాడు పుట్టాడు. అప్పటికి మా అమ్మాయి తన సూది తనే వేసుకునేంతది అయింది. వేలు గుచ్చి రక్తం చూసుకుని, అంకె చదివి, ఎంత ఎక్కించాలో తనే చెబుతుంది. బడిలో పిల్లలు అడిగితే "నేను తియ్యటిదాన్నిరా, కావాలంటే చీమల్నడుగు" అంటుందట. ఈసారి కోతలొచ్చి ముఠా మేస్త్రి వాకిట్లోకి వచ్చి పిలిస్తే, మా ఆవిడ పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, "ఈ ఏడు రానక్కా, నా చేను ఇక్కడే ఉంది" అంది. మేస్త్రి గొణుక్కుంటూ పోయింది. వేరే మనిషి దొరికింది.

మా అమ్మ పిల్లాడికి అన్నీ చేసింది. నా దగ్గర మెత్తటి గుడ్డ తీసుకుని ఆవాల దిండు కుట్టింది. గుడ్డలు ఉతికింది, నీళ్ళు కాచింది. నీళ్ళు పొయ్యడానికి మాత్రం వేరే ముసలమ్మని పిలిపించింది. పిల్లాడు ఆకలికి ఏడిస్తే తనే ఎక్కువ కంగారుపడేది, "ఏడుస్తున్నాడే, రా రా" అని మా ఆవిణ్ణి పిలుస్తూ, తను మాత్రం ఉయ్యాలకి అవతలే నిలబడేది.

పిల్లాడికి ఆరో నెల నిండాక జావ మొదలుపెట్టమన్నారు. ఒక శుక్రవారం మా ఆవిడ అటక మీంచి ఉగ్గుగిన్నె దించింది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడింది. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పిండితో పల్చగా జావ కాచి గిన్నెలో పోసింది. పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి మా అమ్మ ముందు కూర్చుంది. గిన్నె ఆమె చేతి దగ్గర పెట్టింది.

"పట్టత్తా."

మా అమ్మ రెండు చేతులూ కొంగు కిందకి పోయాయి.

"నాకొద్దు తల్లీ. చేతులు వణుకుతున్నయ్."

ఆమె చేతులు వణకవు. మొన్న కూడా సూదిలో దారం నాకంటే ముందు ఎక్కించింది.

"పాలు కాదత్తా, జావే. డాక్టరమ్మే పెట్టమంది. నీ చేత్తో పట్టాలని నేనే అడుగుతున్నా. ఆనాడు ఏదో నోరుజారి..."

"నువ్వేం అన్లేదమ్మా. చల్లారిపోద్ది, నువ్వే పట్టు."

మా ఆవిడ గిన్నె తీసుకోలేదు. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ గిన్నె వాళ్ళిద్దరి మధ్యా నేల మీద ఉండిపోయింది. మా అమ్మాయి అప్పుడే అన్నానికి ముందు సూది వేసుకుని, గౌను సర్దుకుంటూ వచ్చింది.

"నేను పడతాలే" అని గిన్నె అందుకుంది.

అందుకుని ఒక్కసారిగా వంచేసింది. పిల్లాడు ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, జావ గడ్డం మీదుగా కారింది.

"అయ్యో, అట్టా కాదే!" మా అమ్మ చేతులు కొంగు కింద నుంచి బయటికి వచ్చేశాయి. "గిన్నె ముక్కు నోట్లో పెట్టకూడదు. పెదవి మీద ఆనించాలి. తల కొంచెం ఎత్తి పట్టుకో."

"ఎలా నానమ్మా? నాకెలా పట్టావో చూపించు."

మా అమ్మ గిన్నె తీసుకోలేదు. పిల్లాణ్ణి తీసుకోలేదు. కూర్చున్నచోటే కాళ్ళు చాపింది. ఎడమచెయ్యి గాల్లో ఒక తలను ఎత్తి పట్టుకున్నట్టు వంగింది. కుడిచేతి వేళ్ళు లేని గిన్నె చుట్టూ చేరాయి.

"ఇట్టా. బిస్మిల్లా అన్నావా?"

"అన్నాను."

"ఇప్పుడు వంచు. చాలు, ఆగు. గుటక పడనీ. పడిందా? ఇప్పుడు మళ్ళీ."

ఆమె చెయ్యి వంగితే మా అమ్మాయి చెయ్యి వంగింది. ఆమె ఆగితే అదీ ఆగింది. పిల్లాడు అక్క మొహం చూడలేదు, గిన్నె చూడలేదు. ఎదురుగా గాల్లో కదులుతున్న ఆ చేతుల్నే చూస్తూ తాగాడు. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు. "గాలికి ఉగ్గు పట్టింది ప్రపంచంలో నువ్వొక్కదానివేనమ్మా" అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆ చేతుల్ని చూసి మింగేశాను.

"అయిపోయింది నానమ్మా. చివర కొంచెం ఉంది, ఇది నువ్వు పట్టు" అని మా అమ్మాయి గిన్నె చాచింది.

మా అమ్మ ఆ గిన్నెలోకి చూసింది. ఇంకా గాల్లోనే ఉన్న తన చేతుల్ని అప్పుడే గమనించినట్టు చూసుకుంది.

"అదీ నువ్వే పట్టు తల్లీ. బాగా పడుతున్నావ్" అని, వాటిని మళ్ళీ కొంగు కిందకి దాచుకుంది.